మొండిచెయ్యి టీచరు

ఆమె పుట్టినప్పుడు ఎడమచెయ్యి మోచేతి కిందికి కాస్త వచ్చి, ఇక చాల్లే అనుకుని ఆగిపోయింది. తక్కిన శరీరానికి ఏ లోటూ లేదు. గొంతుకైతే అసలే లేదు. ఆసుపత్రి వరండా దాటి వీధిలోకి వినపడేలా ఏడ్చిందట. చూడ్డానికి వచ్చిన బంధువులు మాత్రం ఆ గొంతును మెచ్చుకోలేదు, తల నిండా ఉన్న జుట్టును చూడలేదు. ఉన్నదాన్ని చూడ్డానికి వాళ్లకి కళ్లద్దాలు కావాలి. లేనిదైతే వీధి మలుపు నుంచే కనిపిస్తుంది.

మేనత్త అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఎక్కువ ఏడ్చింది. ఏడుపయ్యాక ఓదార్పు మొదలుపెట్టింది.

"పోనీలే వదినా, కుడిచెయ్యైనా మిగిలింది. రేపు అంట్లు తోముకోవడానికి పనికొస్తుంది."

మంచం మీదున్న తల్లి ఇటు తిరగకుండానే అంది: "అంట్లకి రెండు చేతులూ కావాలి వదినా. అదేదో తెలివిగా తప్పించుకునే పుట్టింది. నువ్వొచ్చినప్పుడల్లా తోమిపెడుదువుగానిలే."

ఆ తర్వాత మేనత్త రాకపోకలు బాగా తగ్గాయి. పిల్ల వల్ల ఆ ఇంటికి జరిగిన మొదటి మేలు అది.

వాళ్లది లాండ్రీ షాపు. కింద షాపు, పైన రెండు గదులు. వెనక గదిలో బట్టలుతికే యంత్రం, ముందు గదిలో ఇస్త్రీ బల్ల, గోడ పొడవునా వేలాడే కోట్లు. పిల్ల కాస్త ఎదిగేసరికి తండ్రి ఆమెని ఇస్త్రీ బల్ల దగ్గర నిలబెట్టాడు. చొక్కా కాలరును మొండిచేత్తో అదిమిపట్టి, కుడిచేత్తో పెట్టె నడిపేది. మడత తిన్నగా వచ్చేది. అయినా కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్లు మడతని చూసి ఊరుకుంటారా?

"చెయ్యేమైందమ్మా పాపం?"

"వేణ్ణీళ్లలో ఉతికితే కుదించుకుపోయిందండీ."

అడిగినాయన గతుక్కుమని, "నా కోటు మాత్రం చన్నీళ్లలోనే వెయ్యమ్మా" అని మరీ మరీ చెప్పి వెళ్లేవాడు. ఒక్కరు కూడా నవ్వేవారు కాదు. జాలిపడేటప్పుడు నవ్వితే జాలి పాడైపోతుందని జనానికి గట్టి నమ్మకం.

బడిలో ఆటల మాస్టారు మనసున్న మనిషి. అందరూ పరిగెడుతుంటే ఆమెని బల్ల మీద కూర్చోబెట్టి, పిల్లల చెప్పులూ, కళ్లజోళ్లూ అప్పగించేవాడు. చదువు ముగిసేదాకా ఆమె కాపలాలో ఒక్క చెప్పు కూడా పోలేదు. క్రీడల్లో ఆమె సాధించిన మొదటి విజయంగా దీన్ని చెప్పుకోవాలి.

రెండు వీధుల అవతల, పాత టైర్ల గోదాము మీద ఒక హాలుండేది. అందులో ఒక మాస్టారు జూడో నేర్పేవాడు. ఎదుటివాడి జాకెట్టు పట్టుకుని, వాడి బరువుతోనే వాణ్ణి నేలకేసి కొట్టే విద్య అది. ఆ జాకెట్లు లాండ్రీకి వచ్చేవి. అవి గోనెసంచుల్లా మందంగా ఉంటాయి, తడిస్తే దూడంత బరువు తూగుతాయి. ఒకరోజు యంత్రం మొరాయిస్తే ఆమె వాటిని చేత్తోనే పిండుతోంది. కాలరును మోచేతి మడతలో ఇరికించి, తక్కినదాన్ని కుడిచేత్తో మెలితిప్పుతూ నడుము తిప్పేసరికి నీళ్లు ధారగా కారాయి. జాకెట్ల కోసం వచ్చిన మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మాయ్, ఆ పట్టు ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారండీ? నీళ్లు సరిగ్గా కారకపోతే నాన్న తిడతాడు."

"రేపట్నించి మా హాలుకి రా."

ఆ క్షణంలో ఆ పిల్లలో ఒక నిప్పురవ్వ కనిపించిందని మాస్టారు తర్వాత చాలా సభల్లో చెప్పాడు. హాలు ఇచ్చినవాళ్లు అంతకు ముందురోజే 'ఆడపిల్లల్ని చేర్చుకోకపోతే ఖాళీ చెయ్యండి' అని హెచ్చరించారన్న సంగతి మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. గొప్ప గురువులకైనా నిప్పురవ్వ కనపడాలంటే వెనకనుంచి కాస్త గాలి తగలాలి.

తల్లి ఒప్పుకోలేదు. "ఉన్న చెయ్యి కూడా విరగ్గొట్టి పంపిస్తావా?" అని మాస్టారినే నిలదీసింది.

"లేదమ్మా. మొదట్లో అసలు పట్టుకోవడమే ఉండదు. దెబ్బ తగలకుండా పడటం ఒక్కటే నేర్పుతాను."

"పడటానికి నీదాకా ఎందుకయ్యా? మా మెట్లు చాలవా?"

తండ్రి మాత్రం ఆలోచించాడు. పిల్ల అక్కడ చేరితే మాస్టారు జాకెట్లని ఇంకో లాండ్రీకి ఇవ్వలేడు కదా అన్నది ఆయన ఆలోచన. కూతురి ఉన్నతి కోసం తండ్రులు ఎంత దూరమైనా ఆలోచిస్తారు. మర్నాడే ఆమె హాలు మెట్లెక్కింది.

పడటం నిజంగానే విద్య. పక్కకి పడేటప్పుడు చాచిన చెయ్యి మొత్తం చాపమీద ఛట్టున కొట్టాలి. దెబ్బంతా ఆ చేతిలోంచి పోతుంది. కుడివైపు బాగానే పడింది. ఎడమవైపు చరవడానికి చెయ్యి లేదు. మొండిచెయ్యి నేలకి కొట్టుకుని కమిలిపోయింది. మాస్టారు గడ్డం గోక్కుంటూ, "నువ్వే ఏదో ఒకటి కనిపెట్టు" అన్నాడు. గురువు నోటినుంచి అంత నిజాయితీ అయిన మాట అరుదుగా వస్తుంది. ఆమె ఇంట్లో పరుపు కిందకి లాగి, పడింది, లేచింది, ఏడ్చింది, మళ్లీ పడింది. నేల తగిలే ముందు భుజాన్ని మరికాస్త లోపలికి తిప్పితే దెబ్బ వీపుమీదుగా జారిపోతుందని చివరికి పట్టేసింది. ఈలోగా కింద షాపులో పైకప్పు సున్నం రాలి, ఇస్త్రీ చేసిన నల్లకోట్లన్నీ మళ్లీ దులపాల్సి వచ్చింది.

పడటం కంటే కష్టమైంది ఇంకోటి ఉంది. క్లాసులో ఎవరూ ఆమెని పడెయ్యరు. పైగా ఆమె చెయ్యి తగలగానే వాళ్లే పడిపోతారు. పర్వతంలాంటి కుర్రాళ్లు కూడా ఆమె కాలరు ముట్టుకుంటే చాలు, గాలికి ఎండుటాకులా రాలిపోయేవారు. మొదట్లో తనకేదో శక్తి వచ్చిందనుకుని మురిసిపోయింది. ఒకరోజు ఒకడు ఆమె ఇంకా ముట్టుకోకముందే పడ్డాడు. అప్పుడర్థమైంది. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినలేదు. బడిలో బల్లమీద కూర్చోబెట్టినప్పుడు కూడా అంత చిన్నతనం అనిపించలేదట.

మర్నాడు మాస్టారితో చెప్పింది. ఆయన అందర్నీ వరసగా నిలబెట్టాడు.

"ఇవాళ్టి నుంచి ఈ అమ్మాయిని పడెయ్యలేనివాడు హాలు ఊడవాలి. బాత్రూములతో సహా."

దయాగుణం బాత్రూము గుమ్మం దాకానే. ఆ సాయంత్రం ఆమె ఇరవైసార్లు పడింది. ఒళ్లంతా పచ్చి పుండై, మెట్లు దిగలేక రెయిలింగు పట్టుకుని దిగుతూ, దారంతా తనలో తను నవ్వుకుంటూ ఇంటికొచ్చింది.

కొన్నాళ్లకి ఆమెకొక పద్ధతి వచ్చింది. దూరంగా నిలబడి లాగాలంటే రెండు చేతులు కావాలి. ఆనుకుని నిలబడితే నడుము చాలు. కుడిచేత్తో కాలరు అందుకుని, మొండిచేతిని ఎదుటివాళ్ల చంకలోకి కొక్కెంలా దూర్చి, గిర్రున తిరిగేది. ఇంకో సౌకర్యం ఏమిటంటే, జూడో ఆడేవాళ్లకి ముందుగా ఎదుటివాళ్ల చేతిగుడ్డ, అంటే జాకెట్టు చేతి బట్ట, పట్టుకోవడం అలవాటు. ఆమె జాకెట్టుకి ఎడమచేతిని మొండిచేతి దాకా కత్తిరించి కుట్టేసింది తల్లి. ఎదుటివాళ్ల చెయ్యి అక్కడ గాలిలో వెతుక్కునేది. వెతుకులాట అయ్యేలోపు వాళ్లు చాపమీద ఉండేవారు.

ఇంతలో ఆడపిల్లల పోటీలొచ్చాయి. మాస్టారు ఆమె పేరు ఇవ్వబోతే, నిర్వాహకుల పెద్ద ఆమె భుజం తట్టి, "నీ మంచికోసమే చెబుతున్నానమ్మా. ఒంటిచేత్తో ఎలా ఆడతావు? అన్యాయం కదా" అన్నాడు. ఆడకూడదని నియమం ఎక్కడుందో చూపించమని మాస్టారు పట్టుబట్టాడు. లేదు. ఇలాంటి పిల్ల వస్తుందని నియమాలు రాసినవాళ్లకి తట్టలేదు. చివరికి, ఆడి ఓడిపోతే చూసేవాళ్లకి స్ఫూర్తిగా ఉంటుందని ఒప్పుకున్నారు.

పొద్దున్న మైకులో ఆమె గురించి ప్రత్యేకంగా చెప్పారు. ముఖ్య అతిథి లేచి, "ఒక చేత్తో చప్పట్లు మోగవంటారు..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆమెని చూసి, మంచినీళ్లడిగి కూర్చున్నాడు. ఓడిపోయాక ఇవ్వడానికి పూలగుత్తి ఒకటి సిద్ధంగా పెట్టుకున్నారు. ఆమె మొదటి ఆట గెలిచింది. పూలగుత్తి పక్కన పెట్టారు. రెండోదీ గెలిచింది. పూలగుత్తిమీద నీళ్లు చల్లారు.

మూడో ఆటకి ముందు అవతలి పిల్ల కోచ్ నిర్వాహకుల బల్లని గుద్దాడు.

"ఇదెక్కడి న్యాయమండీ? మా పిల్లకి రెండు చేతిగుడ్డలున్నాయి, ఆ అమ్మాయి ఎటైనా పట్టుకోవచ్చు. ఆ అమ్మాయికి ఒకటే. మావాళ్లు ఏం పట్టుకోవాలి?"

పొద్దున్న భుజం తట్టిన పెద్దమనిషే ఇప్పుడు తలాడించాడు. "నిజమే. చెయ్యి లేకపోవడం వల్ల ఈ అమ్మాయికి లాభం ఉంది. అన్యాయం కదా."

పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య ఆయన మారలేదు, న్యాయం మారలేదు, చెయ్యి కూడా మొలవలేదు. గెలుపొక్కటే కొత్తగా వచ్చింది. తలలన్నీ ఒకచోట చేర్చి చర్చించారు. చివరికి తీర్పు వచ్చింది: ఆమె పూర్తి చేతులున్న జాకెట్టు వేసుకోవాలి, ఎడమచేతిగుడ్డలో చెయ్యంత మేర తువ్వాళ్లు కూరాలి, అవతలి పిల్ల దాన్ని పట్టుకోవచ్చు.

మాస్టారు చిందులు తొక్కాడు. ఆమె ఆయన్ని ఆపి, "పోనీండి మాస్టారూ. ఊరికే చెయ్యిస్తామంటే వద్దంటామా?" అంది.

నిర్వాహకులు దగ్గరుండి తువ్వాళ్లు కూరారు. చేతికి ఎంత లావుండాలన్న విషయంలో కాసేపు వాదించుకున్నారు కూడా. ఆట మొదలైంది. అవతలి పిల్ల ఆ కొత్త చేతిగుడ్డని రెండు చేతులా ఒడిసిపట్టి, కోచ్ చెప్పినట్టే, ఉన్న బలమంతా పెట్టి లాగింది. తువ్వాళ్లు సర్రున జారి ఊడొచ్చాయి. ముందు వరసలో ఒకావిడ కెవ్వున అరిచింది. ఆ పిల్ల తువ్వాళ్ల చేతిని గుండెలకి హత్తుకుని, తన ఊపుకి తనే వెనక్కి తూలుతుంటే, మన అమ్మాయి ముందుకి వెళ్లి మడమ వెనక చిన్నగా కాలు అడ్డం పెట్టింది. అంతే. ఊళ్లో ఉన్న తువ్వాళ్లన్నీ కూరినా ఆ పిల్లని కాపాడలేకపోయేవి. అభ్యంతరం చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. చెయ్యి వాళ్లిచ్చిందే కదా.

చివరి ఆటలో ఆమె ఓడిపోయింది. అవతలిది కరెంటు స్తంభంలాంటి పిల్ల. ఆ పొడుగుపిల్ల చేతిగుడ్డ సంగతే పట్టించుకోలేదు. పైనుంచి చెయ్యి వేసి మెడ వెనక కాలరు పట్టుకుని, బట్టలమూట విసిరినట్టు విసిరేసింది. నిర్వాహకులు ఊపిరి పీల్చుకుని, అప్పటికి సగం వాడిపోయిన పూలగుత్తిని ఓడిన పిల్లకి అందించారు.

మర్నాడు పేపర్లో ఆమె ఫోటో పెద్దగా వచ్చింది. పైన 'చెయ్యి లేకున్నా చేజారని గెలుపు' అని రాశారు. ఓడిందన్న ముక్క కథకి అడ్డొస్తుందని వదిలేశారు. గెలిచిన పిల్ల మోచెయ్యి మాత్రం ఫోటో అంచున కనిపించింది.

ఆ సాయంత్రం మోచెయ్యి యజమానురాలు లాండ్రీకి వచ్చి పేపరు కౌంటరు మీద పరిచింది.

"ఏయ్, గెలిచిందెవరు?"

"నువ్వే."

"మరి ఇందులో నేనేదీ?"

"ఇదిగో, ఈ మోచెయ్యి నీదే కదా. నా ఎడమచెయ్యి మొత్తం కలిపినా ఇంత ఉండదు."

పొడుగుపిల్ల పోట్లాటకే వచ్చింది. అలాంటిది పగలబడి నవ్వింది. ఆమె చెయ్యి గురించిన మాటకి బయటివాళ్లు నవ్వడం అదే మొదటిసారి. పొడుగుపిల్ల మర్నాటి నుంచి టైర్ల గోదాము మీదికే ప్రాక్టీసుకి వచ్చింది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకరినొకరు నేలకేసి కొట్టుకున్నారు. అంత గట్టి స్నేహం అక్కచెల్లెళ్లలో కూడా ఉండదు.

బ్లాకు బెల్టు పరీక్ష దగ్గర కథ అడ్డం తిరిగింది. ఆటలో ఎలా పడేసినా ఫర్వాలేదు గానీ, పరీక్షలో మాత్రం చెప్పిన పట్టుతో, చెప్పిన వరసలో, రెండు వైపులా చేసి చూపించాలి. పరీక్ష పెట్టే బోర్డులో ముగ్గురు పెద్దలుండేవారు. ఆమె తన పద్ధతిలో ఒక్కొక్క విసురూ చూపించింది. ఎదుట నిలబడ్డ బలిష్ఠుడు ప్రతిసారీ గాల్లోకి లేచి పడ్డాడు.

"విసురు బాగుందమ్మా. కానీ ఎడమచేత్తో పట్టు లేదు. పట్టు లేనిచోట మార్కులెలా వేస్తాం?"

"పట్టు లేకుండానే ఆయన పడ్డాడా అండీ?"

"పడటం వేరు, పరీక్ష వేరు."

బోర్డు ఆమెకి మొండిచెయ్యి చూపించింది. ఆ విషయంలో ఆమెకున్న అనుభవం వాళ్లకి లేదు కాబట్టి అది కూడా సరిగ్గా చూపించలేకపోయారు. "ఏం చేస్తాం, నియమాలు" అని నసిగారు. ఆమె బ్లాకు బెల్టుకి ఒక మెట్టు కిందిదైన గోధుమరంగు బెల్టుతోనే తిరిగి వచ్చింది. పొడుగుపిల్ల అదేరోజు పాసైంది. సిగ్గుపడి వారం రోజులు కొత్త బెల్టు కట్టుకోలేదు.

కొన్నేళ్లకి మాస్టారి మోకాళ్లు మొరాయించాయి. మెట్లెక్కలేక, హాలు తాళాలు తెచ్చి లాండ్రీ కౌంటరు మీద పెట్టి, "ఇక నువ్వే చూసుకో" అన్నాడు. తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్లే టీచరు. అంతకు మించిన పట్టాభిషేకం జరగలేదు.

ఈ వార్త తెలిసి క్రీడల ఆఫీసరు స్వయంగా వచ్చాడు.

"చాలా సంతోషం. మీలాంటివాళ్లకి మీరు నేర్పితే ఎంత బాగుంటుంది! ప్రత్యేకంగా ఒక బ్యాచ్ పెడదాం."

"నాలాంటివాళ్లంటే ఎవరండీ? లాండ్రీవాళ్లా?"

ఆఫీసరు ఆమె ఎడమవైపు చూసి, చూడనట్టు పైకప్పు చూశాడు.

"వస్తే రమ్మనండి. ఎవరొచ్చినా నేర్పుతాను. మీరొచ్చినా సరే" అందామె. ఆయన రాలేదు.

పిల్లల్ని చేర్పించడానికి తల్లిదండ్రులు వచ్చారు. ఒక తండ్రి హాలంతా కలియజూసి, "రెండు చేతులున్న టీచరు ఎవరూ లేరా?" అని ఆమెనే అడిగాడు. "ఉన్నారండీ. పక్క ఊళ్లో. రెండు చేతులా లాగుతాడు, ఫీజు" అంది. ఆయన కూతుర్ని అక్కడే వదిలి వెళ్లాడు. ఆ కూతురు పడిన ప్రతిసారీ ఏడ్చేది, లేచిన ప్రతిసారీ ఏడ్చేది, ఇంకొకరు పడినా ఏడ్చేది. అందరూ ఆ పిల్లని ఏడుపుకాయ అనేవారు. ఏడుస్తూనే ఒక్క రోజు కూడా మానలేదు.

రెండేళ్లు క్లాసు బాగానే నడిచింది. అప్పుడు పిల్లల్ని మొదటిసారి పోటీలకి తీసుకెళ్లింది. మొదటి పిల్లాడు చాపమీదికి దిగాడు. కుడిచేత్తో కాలరు అందుకున్నాడు. ఎడమచేతిని మడిచి పక్కటెముకలకి ఆనించుకున్నాడు. రెండో పిల్లా అంతే. ఏడుపుకాయా అంతే. అందరూ ఒకే తీరున, రెక్క విరిగిన కోడిపిల్లల్లా, ఎడమచెయ్యి ముడుచుకుని ఆడారు. పాతవాళ్లంతా మాస్టారితోపాటే మానేశారు, పొడుగుపిల్ల ఉద్యోగంలో పడింది, హాల్లో ఎవరూ రెండోచేతిని వాడటం వాళ్లు చూడలేదు మరి. టీచరు ఎలా చేస్తే అలా చేశారు. అంతకంటే బుద్ధిమంతులైన శిష్యులు ఎక్కడా దొరకరు.

అవతలి కోచ్‌లు పొట్టలు పట్టుకుని నవ్వారు. "ఏమ్మా, అంటువ్యాధా?" అని ఒకడు అడిగాడు.

పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఓడిపోయారు. తిరుగు ప్రయాణంలో ఏడుపుకాయ, "సరిగ్గా మీలాగే చేశాను కదా టీచర్?" అని అడిగింది. ఆమె కిటికీ వైపు తిరిగింది. తనకి లేనిదాన్ని తను అనుకోకుండానే పిల్లలందరి దగ్గరా తీసేసింది. బంధువులూ ఆఫీసర్లూ అన్న మాటలేవీ ఆమెని కదిలించలేదు. ఇది కదిలించింది. మర్నాడు హాలు తియ్యలేదు. ఆ వారమంతా తియ్యలేదు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి, ఎవరు చెయ్యేమైందని అడిగినా, "పుట్టుకతో లేదండీ" అని మామూలుగా చెప్పేది. తల్లికి భయం వేసింది. కూతురు అంత మర్యాదగా మాట్లాడ్డం ఆవిడ ఎప్పుడూ వినలేదు. వెళ్లి పొడుగుపిల్లని పిలుచుకొచ్చింది.

పొడుగుపిల్ల అప్పటికి సిటీబస్సు డ్రైవరు. డ్యూటీ యూనిఫాంలోనే వచ్చింది.

"హాలెందుకు మూశావే?"

"వాళ్లకి నేను అవిటితనం నేర్పాను."

"నేర్పావు. ఇంకెవరూ నేర్పలేనంత బాగా నేర్పావు. ఒక్కడు కూడా తప్పు చెయ్యలేదు, పోటీల్లో చూశాగా. అంత బాగా నేర్పేదానివి ఎడమచెయ్యి కూడా నేర్పు."

"ఎక్కణ్ణుంచి తేవాలి?"

పొడుగుపిల్ల తన ఎడమచేతిని ఎత్తి ఇస్త్రీ బల్ల మీద దబ్బున పెట్టింది. "ఇదిగో. డ్యూటీ దిగాక ఖాళీయే."

"నీకు ఓపికెక్కడిది నేర్పడానికి? పిల్లల్ని చూస్తేనే హారన్ కొడతావు."

"నేనెందుకు నేర్పుతాను? నువ్వు చెప్పు, నేను చేస్తాను."

చెప్పడం తేలిక కాదు. తను ఎన్నడూ చెయ్యని పనిని మాటల్లో పెట్టాలి. పొడుగుపిల్ల చేతిగుడ్డ లోపల మణికట్టు మీద తన కుడిచెయ్యి వేసి, విసిరేటప్పుడు ఆ చెయ్యి ఎప్పుడు బిగుస్తుందో, ఎప్పుడు వదులవుతుందో ముందు తను తెలుసుకుంది. తర్వాత పిల్లలకి చెప్పింది. "తడిబట్ట పిండినట్టు, చివర్లో మణికట్టు తిప్పండి" అంటే, లాండ్రీ చూడని పిల్లలు తెల్లమొహం వేశారు. అందర్నీ కిందికి తీసుకొచ్చి జాకెట్లు పిండించింది. తండ్రి సంతోషానికి అంతులేదు. ఆ నెలంతా ఆయన యంత్రం ఆన్ చెయ్యలేదు.

చెడ్డ అలవాటు పోవడానికి ఏడాది పైగా పట్టింది. కొందరికి పూర్తిగా పోనేలేదు. ఒకరిద్దరు మానేశారు కూడా. ఉన్నవాళ్లు మాత్రం రెండు చేతులతోనూ ఆడారు, అవసరమైతే ఒకదానితోనూ ఆడారు. ఇదివరకు నవ్విన కోచ్ తన పిల్లలు ఓడిపోయాక, "ఒక చెయ్యి పట్టుకుంటే రెండోదానితో పడేస్తున్నారు, ఇదెక్కడి న్యాయం?" అని బల్ల గుద్దాడు. అతనికి న్యాయం ఎప్పుడూ దొరకలేదు, పాపం.

ఏళ్లు గడిచాయి. ఆమె శిష్యులు బ్లాకు బెల్టులు తెచ్చుకున్నారు. టీచరు గోధుమరంగు బెల్టుతో, నల్లబెల్టు శిష్యులకి తప్పులు దిద్దేది. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజు శిష్యులకి నమస్కారం పెట్టి, ఆమెని నీళ్లడిగేవారు. రెండోరోజు అడిగేవారు కాదు.

పాత బోర్డు పెద్దలు ఒక్కొక్కరే రిటైరయ్యారు. వాళ్లతోపాటు నియమాలూ రిటైరయ్యాయి. ఉన్న శరీరంతో చేతనైన పట్టు పట్టవచ్చని కొత్త నియమం వచ్చింది. కొత్త బోర్డులో ఒకరు ఏడుపుకాయ. ఇప్పుడు పళ్లడాక్టరు. ఏడ్చే పని ఇతరులకి అప్పగించింది. పొడుగుపిల్ల పోరు పడలేక టీచరు మళ్లీ పరీక్షకి వెళ్లింది. అప్పటికి ఆమె జుట్టు సగం నెరిసింది.

తక్కిన ఇద్దరు పరీక్షకులు మొదలుకాకముందే చిరునవ్వులు మొహానికి తగిలించుకున్నారు. పేపరువాళ్లని కూడా పిలిచి ఉంచారు. ఆమె ఒక్కొక్క విసురూ చూపించింది. చివర్లో ఇద్దరూ చప్పట్లు కొట్టారు. పళ్లడాక్టరు కొట్టలేదు.

"ఫెయిల్" అంది.

పక్కనున్నాయన ఉలిక్కిపడి చెవిలో గుసగుసలాడాడు. "ఏంటమ్మా ఇది? ఎంత స్ఫూర్తిదాయకం! పైగా మీ టీచరు!"

"అందుకే." పళ్లడాక్టరు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అలవాటు ఎక్కడికి పోతుంది? "టీచర్, మీరు తిరిగేటప్పుడు కుడికాలు ఆలస్యంగా వస్తోంది. రెండు విసుర్లలో పాదం అడ్డంగా పడింది. ఇదే తప్పుకి మీరు నన్ను ఎన్నిసార్లు మళ్లీ చేయించారో."

టీచరు అడిగింది: "మరి చెయ్యో?"

"చేతికేం టీచర్? చేతికి మార్కులు బాగా వచ్చాయి. పోయింది కాళ్లకే."

ఆమె చాపమీద అలాగే కూర్చుని నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పుట్టి ఇన్నేళ్లయింది, కాళ్లు బాగాలేవని ఆమెతో ఎవరూ అనలేదు. అసలు ఆమెకి కాళ్లున్న సంగతే ఎవరూ గమనించలేదు. ఏడుపుకాయ ఏడుస్తూ, టీచరు నవ్వుతూ ఉంటే ఫోటో ఎవరిది తియ్యాలో తెలియక పేపరువాళ్లు వెళ్లిపోయారు.

ఆ నవ్వు బస్సు సగం దారికి వచ్చేదాకా నిలిచింది. తర్వాత ఒళ్లు మండింది. "నేను నేర్పిన తప్పులు నాకే చూపిస్తుందా!" అని ఊగిపోయింది. "తప్పులు కాదే, ఒప్పులు నేర్పావు. అందుకే పట్టేసింది" అంది పొడుగుపిల్ల. మర్నాడు షాపు తియ్యకముందే ఇస్త్రీ బల్ల పక్కన గచ్చుమీద సుద్దముక్కతో గీతలు గీసుకుని, కాళ్లు ఎక్కడ పడాలో అక్కడ పడేదాకా తిరిగింది. నెరిసిన జుట్టుతో గిరగిరా తిరుగుతున్న ఆమెని చూసి కోటు కోసం వచ్చినాయన గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయాడు.

తర్వాతి పరీక్షలో పాసైంది. ఈసారి పేపరువాళ్లు ఎవరూ రాలేదు. పళ్లడాక్టరు పాదాలనే చూసి, తలూపి, మళ్లీ ఏడ్చింది.

కొత్త నల్లబెల్టు చెమటవాసన కొడుతోందని ఆ వారాంతంలో ఆమె దాన్ని కూడా యంత్రంలో పడేసింది. అందులో ఒక హోటలువాళ్ల తెల్ల దుప్పట్లున్నాయి. కాసేపటికి వెనక గదిలోంచి తల్లి కేక వినిపించింది. ముసలావిడ బూడిదరంగు దుప్పటి ఒకటి ఎత్తి పట్టుకుని నిలబడింది.

"ఇన్నేళ్లు ఆగి తెచ్చుకున్నదానివి, రంగు పోనిది అడిగి తెచ్చుకోలేకపోయావుటే?"